సి భాషలో నేసిన గళ్ల లుంగీ

తొంభైల చివరి రోజుల్లో వేలూరుకు ఇంటర్నెట్ వచ్చిందని మా పేపర్లో మొదట రాసింది నేనే. రాసేనాటికి దాన్ని నేను ఒక్కసారే చూశాను, అదీ నిలబడి. అయినా టెలిఫోను తీగ గుండా ప్రపంచమంతా మన ఊరి గదిలోకి వచ్చేస్తోందని ధీమాగా రాశాను. రోజూ వార్తలు పంపే ఉద్యోగంలో ఆ ధీమా దానంతటదే అలవాటవుతుంది.

మా పేపరు సరిహద్దుకు అవతల, ఆంధ్రలో అచ్చయి తెల్లారేసరికి బస్సులో వచ్చేది. మా వైపు తెలుగువాళ్లలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష తెలుగు, బడిలో నేర్చుకున్న అక్షరాలు తమిళం. అందుకని నా వార్తలను చదివేవాళ్ల కంటే చదివించుకునేవాళ్లు ఎక్కువ. గుడియాత్తం లుంగీల వ్యాపారి కూడా అలాంటివాడే. టీకొట్టు దగ్గర చిత్తూరు లారీ డ్రైవరొకడు నా వార్త చదువుతుంటే నిలబడి మొత్తం విన్నాడట. ఆ వారంలోనే బాగాయంలో మా ఇంటికి వచ్చాడు, చంకలో ఒక గుడ్డమూటతో.

"సార్, ఆ కంప్యూటర్లో లుంగీ చూపించొచ్చునా?"

"ఏదైనా చూపించొచ్చు," అన్నాను. రాసినవాణ్ని కదా, వెనక్కి తగ్గలేను.

"సుమ్మా, ఊరికే బొమ్మ చూపించేది కాదు సార్. గిరాకి అంగట్లో కూచోని, ఈ ఎరుపు తియ్యి, ఆ పచ్చ వెయ్యి అంటాడు చూడు, అట్ల వాడే మార్చుకొని చూసుకోవల్ల."

వివరం అడిగితే మెల్లగా చెప్పాడు. మలేసియాలో వాళ్లకు పాత కొనుగోలుదారు ఒకాయన ఉండేవాడు. గుడ్డముక్కలు పోస్టులో పంపితే చేత్తో తడిమి ఆర్డరు పెట్టేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు అంగట్లో కూర్చున్నాడు. పోస్టులో ముక్కలు చూసే ఓపిక అతనికి లేదు. కంప్యూటర్లో చూపిస్తే చూస్తానని, నచ్చకపోతే పండగ సరుకంతా పవర్‌లూమ్ వాళ్ల దగ్గరే తీసుకుంటానని ఫోనులో చెప్పేశాడు.

"వాడు వద్దంటే ఏం చేస్తారు?"

"షెడ్డులో మగ్గాలు తీసేసి అగ్గిపెట్టెల గోడౌనుకు బాడుగకిస్తా సార్. ఒకాయన అడుగుతానే ఉండాడు. మాయమ్మకి మటుకు ఇంకా చెప్పలే," అని మూట విప్పాడు. అందులో లుంగీ లేదు, రంగురంగుల నూలు పోగులు ఉన్నాయి. మగ్గం మీద కొత్త డిజైను ఉందట, దాన్ని తీసుకురాకూడదట. ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

ఇలాంటి పని చేయగలిగిన మనిషి నాకు ఒక్కతే తెలుసు. మా ఇంటి ప్రహరీ కట్టిన మేస్త్రీ కూతురు. కంప్యూటర్ చదువు పూర్తిచేసి, వేలూరులో ఒక శిక్షణా కేంద్రంలో పిల్లలకు సి భాష చెప్పేది. నన్ను మామా అని పిలిచేది. వెళ్లి విషయం చెప్పాను.

"ఫోటో పెడితే చాలదా మామా?"

"చాలదట. వాడే రంగులు మార్చుకోవాలట."

"అట్లయితే ప్రోగ్రాము రాయల్ల. నాకు వచ్చింది సి ఒకటే. దాంట్లోనే రాస్తా."

ఆమె చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. మామూలు వెబ్ పేజీ అంటే ముందే రాసి పెట్టిన కాగితం. ఎవరు అడిగినా అదే ఇస్తారు. ఇక్కడ అలా కుదరదు. అవతలివాడు రంగులు ఎంచుకుని మీట నొక్కగానే, బెంగళూరులో అద్దెకు తీసుకున్న సర్వర్ మీద సి ప్రోగ్రాము నిద్రలేవాలి. ఆ రంగుల ప్రకారం అప్పటికప్పుడు, వెబ్ పేజీలు రాసే భాషలో, ఒక కొత్త హెచ్‌టీఎంఎల్ పేజీని వరస తర్వాత వరస అచ్చువేసి పంపాలి. పంపి మళ్లీ పడుకోవాలి. ఈ అచ్చు వేసే ఆజ్ఞ పేరు ప్రింట్‌ఎఫ్. పేజీలో ఎన్ని వాక్యాలుంటే అన్ని ప్రింట్‌ఎఫ్‌లు. లుంగీలో గళ్లు ఎలాగూ గళ్లే కాబట్టి, వాటిని గడుల పట్టికలా హెచ్‌టీఎంఎల్ టేబుల్‌గా వేసి, ఒక్కో గడికి ఒక్కో రంగు పూయాలని ఆమె ఆలోచన.

మొదటిసారి ప్రోగ్రాము ఎక్కించి మీట నొక్కితే లుంగీ రాలేదు. సర్వర్లో లోపం అని ఇంగ్లీషులో ఒక లావుపాటి వాక్యం వచ్చింది. పేజీ మొదలయ్యే ముందు 'ఇప్పుడు వచ్చేది హెచ్‌టీఎంఎల్' అని ఒక వరసలో ప్రకటించి, దాని కింద ఒక వరస ఖాళీగా వదలాలట. ఆ ఖాళీ వరస మరిచిపోయింది. ఆ సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి సైకిలు మీద వచ్చిన మేస్త్రీ ఇదంతా విని నవ్వాడు.

"పునాది పోసినాక ఒకరోజు ఆరనీకుండా గోడ లేపితే ఎట్లమ్మా?"

"ఇదేం సిమెంటు కాదు నాయనా."

"ఏదైతే ఏంది, ఖాళీ వదలల్ల గదా?" అని స్క్రీను మీదికి వంగాడు. సి భాషలో ప్రతి కొటేషన్ గుర్తుకూ ముందు ఒక వాలు గీత పెట్టాలి, లేకపోతే వాక్యం అక్కడితో అయిపోయిందనుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ నిండా కొటేషన్లే. తెర అంతా వాలు గీతలు పొలంలో వాన పడినట్టు ఉన్నాయి. "ఇదేందమ్మా, ఇటికె ఇటికెకీ చీల కొడతా పోతాండావు?"

"కొట్టకపోతే గోడే లేయదు నాయనా. నువ్వు పోయి సైకిలు కాడ నిలబడు."

లుంగీ లెక్క తెలుసుకోవడానికి ఒక ఆదివారం ఇద్దరం గుడియాత్తం బస్సెక్కాం. కాట్పాడి వంతెన దాటేదాకా నిలబడి, కే.వి.కుప్పం సంత జనం దిగాక కూర్చున్నాం. వ్యాపారి ఇంటి వెనకే మగ్గాల షెడ్డు. ఆయన తల్లి గుమ్మంలోనే ఎదురైంది. ఆ ఇంట్లో ఏ లుంగీకి ఏ రంగు పోగు ఎక్కడ పడాలో నిర్ణయించేది ఆవిడే. కొడుకు అమ్ముతాడు, ఆవిడ రంగులు పలుకుతుంది. నిజంగానే పలుకుతుంది. మేం కూర్చోగానే కళ్లు మూసుకుని, ఎరుపు రెండు, నలుపు ఒకటి, పసుపు పోగు, మళ్లీ నలుపు అంటూ మొదలుపెట్టింది. అమ్మాయి గబగబా అంకెలు వేసుకుంటోంది.

"యాడ ఆగుతుంది అవ్వా ఇది?"

"ఆగేదేంది పాపా? మళ్లీ మొదటికొస్తాది. పడుగు అంతా అట్లే పోతాది. పేక కూడా అంతే, దానికి వేరే వరస."

"లూప్ అవ్వా అది. లూప్ లోపల ఇంకొక లూప్."

"నువ్వేమన్నా అనుకో, పసుపు మాత్రం ఒక పోగే. రెండేసినావంటే లుంగీ కాదు, కాషాయం అయిపోతాది."

తర్వాత మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. కొత్త డిజైను అక్కడే ఉంది, నేసినంత మేరకు చుట్టి, మిగిలిన పడుగు, అంటే నిలువు పోగులు, సాచి. లుంగీ పొడుగు ఎప్పుడో దాటింది, అయినా కోయలేదు. ఆ ఇంట్లో పద్ధతి అది. కొత్త డిజైనును కొనేవాడు చూసి సరే అనేదాకా మగ్గం మీది నుంచి కోయరు. పాతకాలంలో కొనేవాళ్లు షెడ్డుకే వచ్చి, మగ్గం మీదే చూసి సరే అంటే, అప్పుడు ఆవిడ మామగారు కత్తెర అడిగేవాడట. ముందే కోసింది అమ్ముడుపోదని వాళ్ల నమ్మకం. మలేసియాకు పోస్టులో పంపిన ముక్కలన్నీ అమ్ముడైన డిజైన్లవే. ఇది మాత్రం సరే అనిపించుకోని డిజైను, అందుకే మూటలో నూలు పోగులే వచ్చాయి.

రెండు వారాల్లో ప్రోగ్రాము తయారైంది. చూడటానికి తల్లీ కొడుకూ వేలూరు కేంద్రానికి వచ్చారు. ఆవిడ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. అమ్మాయి మీట నొక్కింది. మోడెమ్ కాసేపు గొణిగింది. తెర మీద పైన వ్యాపారి పేరు వచ్చింది, దాని కింద గళ్లు పైనుంచి దిగాయి. ఎరుపు, నలుపు, సన్నగా పసుపు. నిజం చెప్పాలంటే అది లుంగీలానే ఉంది. వ్యాపారి చేతులు జోడించాడు, ఎవరికో ఆయనకే తెలియదు. ఆవిడ మాత్రం తెరను వేలితో రుద్ది చూసింది.

"గరుకు లేదే."

"గాజు అవ్వా అది."

"సరి. ఆ కింద నల్ల గీత ఏంది?"

"అది చివర అవ్వా. అయిపోయిందని గీసినా. చక్కగా ఉంటాదని."

"కోసేసినావా?"

"లేదవ్వా, సుమ్మా గీత..."

"కోసినట్టే ఉండాది. ఇంకా సరే అనలేదు గదా వాడు? తీసెయ్ పాపా. తెగిన లుంగీ చూపిస్తే వాడు వద్దనే అంటాడు."

అమ్మాయి నవ్వి, ప్రోగ్రాములో పేజీని ముగించే చివరి ముక్క మొత్తాన్ని పక్కన పెట్టేసింది. మళ్లీ నొక్కితే గీత పోయింది. గళ్లు కింద అలా వదిలేసినట్టు ఆగాయి, మగ్గం మీద ఉన్నట్టే. ఆవిడ తల ఊపింది. కొడుకు వీధిలోకి పరిగెత్తి, ఎస్టీడీ బూతు నుంచి మలేసియాకు చిరునామా అక్షరం అక్షరం చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

"సార్, మలేసియాలో లుంగీ కనపడలేదంట! పైన పేరు ఒకటే ఉండాదంట. కింద అంతా తెల్లగా ఉండాదంట. పంచెలు అమ్ముతాండావా అని అడిగినాడు సార్!"

"మళ్లీ చూడమనండి."

"మూడుతూర్లు చూసినాడంట. ఈ వారం దాటితే పవర్‌లూమ్ వాళ్లకి చెప్పేస్తానన్నాడు. ఇక్కడ అగ్గిపెట్టెల ఆయన షెడ్డు కొలవడానికి టేపు ఎత్తుకొని వస్తాండాడు. నేనేం చెప్పల్ల?"

కేంద్రంలో తెరిచి చూస్తే లుంగీ నిక్షేపంగా కనిపించింది. అమ్మాయి ప్రోగ్రాము మొత్తం వరసవరసా చదివింది. నేను పక్కన కూర్చుని ఆమె టీ తాగాను, చల్లారిపోతోందని. తప్పు దొరకలేదు. అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది, మలేసియావాడు వాడే బ్రౌజరు వేరే ఏమోనని. ఆ రోజుల్లో రెండు పెద్ద బ్రౌజర్లు ఒకదానితో ఒకటి పోటీ పడుతుండేవి. కేంద్రంలో ఉన్నది ఒకటే. రెండోది కాట్పాడిలో ఆమె స్నేహితురాలు పనిచేసే ల్యాబులో ఉంది. బస్సెక్కి పోయాం. అక్కడ తెరిస్తే పైన పేరు వచ్చింది, కింద తెలుపు. మలేసియావాడు చెప్పింది అక్షరాలా నిజం.

బ్రౌజరుకు అందిన హెచ్‌టీఎంఎల్‌ను తెరిచి చూసే వీలుంటుంది. తెరిచింది. గళ్లన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటి కూడా దారిలో పోలేదు. చివరిదాకా వెళ్లి, ఉన్నట్టుండి నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మామా, అవ్వ కోయొద్దనింది. నేను మూయనే లేదు."

టేబుల్ మొదలుపెడితే, అయిపోయిందని చెప్పే ఒక గుర్తుతో దాన్ని మూయాలి. ఆ గుర్తు వేసే ప్రింట్‌ఎఫ్, నల్ల గీత గీసే ప్రింట్‌ఎఫ్, రెండూ ఆ చివరి ముక్కలోనే పక్కపక్కన ఉన్నాయి. గీత వద్దని ముక్క మొత్తం పక్కన పెట్టేసరికి మూత కూడా పోయింది. కేంద్రంలోని బ్రౌజరు, మూత లేకపోయినా సరేలే అని తనే ఊహించుకుని చూపించేది. రెండోది పట్టుదల మనిషి. టేబుల్ మూతపడేదాకా ఒక్క గడి కూడా చూపించదు.

సరిదిద్దడం నిమిషం పని. గీత లేకుండా మూత ఒక్కటి వేస్తే చాలు. అమ్మాయి మాత్రం ఆగింది. అవ్వకు చెప్పకుండా చేయనంది. ఎలాగూ కనపడదు కదా అంటే, కనపడకపోతే మటుకు చెప్పకూడదా అని నన్నే ఎదురు అడిగింది. ల్యాబు బయటి బూతు నుంచి గుడియాత్తానికి ఫోను చేశాం.

"అవ్వా, చివర్లో మూయకపోతే మలేసియాలో లుంగీనే కనపడదు. మూసేది కంటికి కనపడదు."

"కత్తెర వేసేదా పాపా?"

"లేదవ్వా. నువ్వు చెప్పిన వరస ముగిసిందని దానికి చెప్పేది, అంతే."

అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"చివరి పేక పడినాక నేసేవాడు కాలు కిందికి దించుతాడు చూడు," అంది ఆవిడ. "గుడ్డ తెగదు, మగ్గం నిలుస్తాది. అట్లాంటిది గదా?"

"అట్లాంటిదే అవ్వా."

"దించుకో పో. దానికేమిటికి ఫోను చేసినావు, దుడ్లు దండగ."

ఆ మధ్యాహ్నమే మలేసియాలో లుంగీ కనిపించింది. మరీ బాగా కనిపించింది. కొనేవాడు అంగడి పని మానేసి పొద్దుపోయేదాకా రంగులు మార్చుకుంటూ కూర్చున్నాడట. ఎరుపు తీసి నీలం వేసి, నీలం తీసి ఊదా వేసి, చివరికి పడుగు మొత్తం ఉన్నది ఉన్నట్టే ఉంచి, పేకలో ఎరుపు తీసి చిలకపచ్చ వేశాడు. ఇదే కావాలన్నాడు. ఇదే పచ్చ ఉంటే పండగ సరుకంతా మీదే, వేరే పచ్చ అయితే వద్దన్నాడు. పడుగు మారలేదు కాబట్టి మగ్గం విప్పనక్కర్లేదు, పేక, అంటే అడ్డపోగు నూలు చుట్టిన కండెలు మారిస్తే చాలు. వ్యాపారి ఆ సంతోషంలో అగ్గిపెట్టెల ఆయనను తల్లి కంటపడకుండా వీధి చివరే ఆపి, కాఫీ ఇప్పించి, రేపు రమ్మని పంపేశాడు.

కానీ ఆ పచ్చ ఎక్కడిది? అమ్మాయి రంగుల పట్టీలో ఆరు అక్షరాల సంకేతంతో రాసిన పచ్చ అది. చూడటానికి బాగుందని పెట్టింది. గుడియాత్తంలో నూలుకు రంగులు వేసే పెద్దాయన తెర మీది రంగు అచ్చు తీసిన కాగితం చూసి పెదవి విరిచాడు. పసుపు కలిపాడు, నీలం తగ్గించాడు, మళ్లీ ముంచాడు.

"ఈ పచ్చ దేవుడు కూడా ఏ ఆకుకూ వెయ్యలేదప్పా," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "నావల్ల అయ్యేది ఇది."

ఆయనవల్ల అయినది నిజంగా మంచి పచ్చే, కొంచెం ముదురు అంతే. తల్లీ కొడుకూ ఆ తడి ఆరని నూలు కట్ట, వాళ్ల మాటలో చిలప, తీసుకుని మళ్లీ వేలూరు వచ్చారు. వ్యాపారి దాన్ని నా ముందు పెట్టాడు.

"సార్, ఇది పంపిస్తే వద్దంటాడు. ఇది కాదని ముందే చెప్పేసినాడు. ఇంక నూలుతో ఏమీ చేయలేం."

అమ్మాయి చిలపను తెర పక్కన పట్టుకుని చూసింది.

"నూలు మారదు. నా నంబరు మారుతాది గదా?"

ట్యూబులైటు వెలుగులో రంగు తెలియడం లేదని ఆవిడ కిటికీ తెరిపించింది. అమ్మాయి సంకేతంలో ఒక అక్షరం మార్చడం, ప్రోగ్రాము మళ్లీ ఎక్కించడం, మీట నొక్కడం. ఆవిడ చిలపను ఎండలో ఒకసారి, తెర పక్కన ఒకసారి పట్టడం.

"ఇంకా ముదురు... అంత కాదు... పసుపు చాలలే... ఆ, నిలబెట్టు. ఇదే నూలు."

ఆ సంకేతాన్ని పట్టీలో ఉంచి, అమ్మాయి పాత చిలకపచ్చను తీసేసింది. ఆ ఊపులోనే తక్కిన రంగులనూ ఒక్కొక్కటే ఆవిడకు చూపించి, గుడియాత్తంలో వేయలేనివన్నీ ఎత్తేసింది. పట్టీ సగానికి తగ్గింది. ఇక మలేసియావాడు ఏది ఎంచుకున్నా అది నేయగలిగినదే.

మిగిలింది అతనికి చెప్పడం. నిన్నటి పచ్చ నూలుకు పట్టదని, పట్టేది ఇప్పుడు పేజీలో ఉందని, చూసి చెప్పమని వ్యాపారి ఎస్టీడీ బూతులో నిలబడి చెప్పాడు. అద్దం తలుపు వెనక ఆయన పెదాలు కనిపిస్తున్నాయి, మాటలు వినిపించడం లేదు. అవతలివాడికి రెండు ఫోన్లున్నాయి కాబోలు, ఒకటి చెవికి పెట్టుకునే పేజీ తెరుస్తున్నట్టున్నాడు, ఈయన రిసీవరు చేయి మార్చుకున్నాడు. బూతులో మీటరు తిరుగుతోంది. ఆవిడ మెట్టు మీద కూర్చుని చిలప మీది దుమ్ము ఊదుతోంది. అమ్మాయి గోళ్లు కొరుకుతోంది. ఇన్నేళ్లూ ఎన్నికల ఫలితాల కోసం ఎదురుచూసిన నేను ఇంత ఉగ్గబట్టుకుని ఎప్పుడూ నిలబడలేదు.

వ్యాపారి తల ఊపడం మొదలుపెట్టాడు. మెల్లగా, తర్వాత గట్టిగా. తలుపు తెరుచుకుని వచ్చి జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇదే మేలంట," అన్నాడు. "నిన్నటిది కళ్లకు గుచ్చుకునిందంట. పండగ సరుకంతా మనకే."

అని, అప్పటిదాకా దాచిన మాట కూడా ఆ సంతోషంలోనే బయటపెట్టేశాడు. "అమ్మా, ఇంక అగ్గిపెట్టెల ఆయన్ని రావొద్దని చెప్పేస్తా."

"ఏ అగ్గిపెట్టెలు?" అంది ఆవిడ.

ఆయన నా వైపు చూశాడు. నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి బూతు వాడి మీటరు వైపు చూసింది. ఆవిడ ముగ్గురినీ ఒకసారి చూసి, జవాబు కోసం ఆగకుండా, చిలప చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. కండెలు చుట్టాలి కదా. కొడుకు వెనకే పరిగెత్తాడు, "అమ్మా, నిలబడమ్మా, చెప్తా," అంటూ. గుడియాత్తం దాకా బస్సులో ఆయన ఎంత చెప్పాల్సి వచ్చిందో నాకు తెలియదు.